సెంటాస్‌లో బోసి ప్రాంప్ట్

మంగళవారం.

పొద్దున సెంటాస్ 7 (ఒక రకం లైనక్స్) సర్వర్‌లో కొత్త యూజర్‌తో లాగిన్ అయితే ప్రాంప్ట్‌లో, అంటే కమాండ్ కొట్టే చోటికి ముందు కనబడే అక్షరాల్లో, చదరపు బ్రాకెట్లు లేవు, యూజర్ పేరు లేదు, మెషీన్ పేరూ లేదు. బోసిగా "-బ్యాష్-4.2$" అని ఒక్కటే. రీబూట్ జోలికి పోనక్కర్లేదు, సగం జవాబు ఆ అక్షరాల్లోనే ఉంది. ముందున్న గీత అది లాగిన్ షెల్ (లాగిన్ కాగానే మొదలై మన కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) అని చెబుతుంది. మిగతాది షెల్ పేరు, వెర్షన్. ప్రాంప్ట్ ఎలా ఉండాలో చెప్పే పీఎస్1 సెట్టింగ్ ఎవరూ పెట్టకపోతే, బ్యాష్ అనే ఈ షెల్ తనంతట తాను చూపేది ఇదే.

సెంటాస్ 7లో లాగిన్ అయినప్పుడు ఫైళ్లు చదివే వరస ఇది: హోమ్‌లోని (యూజర్ సొంత ఫోల్డర్) .బ్యాష్_ప్రొఫైల్ .బ్యాష్‌ఆర్‌సీని పిలుస్తుంది, అది /ఈటీసీ/బ్యాష్‌ఆర్‌సీని పిలుస్తుంది. ప్రాంప్ట్ పెట్టేది ఆ చివరి ఫైలే. "ఎల్‌ఎస్ -ఎ" కొడితే హోమ్‌లో మొదటి రెండూ లేవు. నిన్న కొత్త డిస్క్‌లో హోమ్ ఫోల్డర్ ముందే చేసి, ఆ తర్వాత యూజర్‌ని చేర్చే యూజర్‌యాడ్ కమాండ్ నడిపారు. ఫోల్డర్ అప్పటికే ఉంటే యూజర్‌యాడ్ స్కెల్ ఫైళ్లు (కొత్త యూజర్ల కోసం ఉంచిన నమూనా ఫైళ్లు) కాపీ చేయట్లేదని ఒక వార్నింగ్ లైను వేసి ఊరుకుంటుంది. స్క్రిప్టులో అయితే ఆ లైను ఎవరి కంటా పడదు.

ఆ ఫైళ్లు మనమే కాపీ చేసే ముందు, /హోమ్ ఏ డిస్క్‌లో ఉందో చూపే "డీఎఫ్ -హెచ్ /హోమ్" తప్పనిసరి. డిస్క్ మౌంట్ కాకపోయినా (సిస్టమ్ దాన్ని /హోమ్‌కి తగిలించకపోయినా) ఇదే ప్రాంప్ట్ వస్తుంది. అప్పుడు కాపీ చేస్తే ఫైళ్లు రూట్ డిస్క్‌లో (సిస్టమ్ ఉన్న డిస్క్) పడి, రేపు మౌంట్ అవగానే దాని కింద మరుగున పడతాయి.

మౌంట్ సరిగ్గానే ఉంది. రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ యూజర్) "సీపీ -ఆర్ /ఈటీసీ/స్కెల్/. /హోమ్/యూజర్/". ఆ చివరి చుక్క ముఖ్యం: నక్షత్రం గుర్తు పెడితే చుక్కతో మొదలయ్యే ఫైళ్లు అందవు. పోనీ చుక్క-నక్షత్రం పెడదామా అంటే, అందులోకి రెండు చుక్కలూ, అంటే పై ఫోల్డర్ కూడా, వస్తాయి. ఫైళ్ల ఓనర్‌గా యూజర్‌ని పెట్టడానికి దానితో "సీహెచ్‌ఓన్ -ఆర్" కొట్టారో, పై ఫోల్డర్‌కి ఎక్కి అందరి ఫైళ్ల ఓనర్‌నీ మార్చేస్తుంది. అందుకే పూర్తి పాత్ రాయాలి: "సీహెచ్‌ఓన్ -ఆర్ యూజర్: /హోమ్/యూజర్". ఎస్‌ఈలైనక్స్ (ఫైళ్ల భద్రతా లేబుళ్లు చూసే వ్యవస్థ) ఆన్‌లో ఉంది కాబట్టి ఆపైన ఆ లేబుళ్లు సరిచేసే "రిస్టోర్‌కాన్ -ఆర్ /హోమ్/యూజర్".

పీఎస్1 ఒక్కటీ చేత్తో రాసేస్తే సరిపోదా అంటే, కంటికి బాగుంటుంది అంతే. హోమ్‌లోని బిన్ ఫోల్డర్‌ని పాత్‌లో (షెల్ కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితా) కలిపేది .బ్యాష్_ప్రొఫైల్. అది లేకపోతే అక్కడి స్క్రిప్టులు "కమాండ్ నాట్ ఫౌండ్" అంటాయి.

సరిచూసుకునేది ఆ యూజర్‌గా మారే "ఎస్‌యూ - యూజర్" తోనే. మధ్యలో గీత మరిస్తే .బ్యాష్‌ఆర్‌సీ ఒక్కటే చదువుతుంది. .బ్యాష్_ప్రొఫైల్ లేకున్నా ప్రాంప్ట్ చక్కగా కనబడి మోసం చేస్తుంది.

సాయంత్రం ఉబుంటులో వట్టి "$". పై బాణం నొక్కితే "^[[ఎ" అని పడింది. ఇది వేరే జబ్బు: షెల్ ఏదో చెప్పే "-ఎస్" ఇవ్వకుండా యూజర్‌యాడ్ కొడితే షెల్ /బిన్/ఎస్‌హెచ్ అవుతుంది, ఉబుంటులో దాని వెనకున్నది డ్యాష్ అనే వేరే షెల్. షెల్ మార్చే "సీహెచ్‌ఎస్‌హెచ్ -ఎస్ /బిన్/బ్యాష్ యూజర్" కొట్టి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే బాణం పనిచేసింది.