విమ్మా, ఈమ్యాక్సా? గొడవంతా పాత కీబోర్డులదే

మా టీమ్‌లో నేను విమ్, పక్క సీట్లో అతను ఈమ్యాక్స్, ఎదురుగా ఉండే ఆవిడ నానో, మూడూ కోడ్ రాసుకునే టెక్స్ట్ ఎడిటర్లే. అందుకే రోజుకోసారైనా గొడవ పడాల్సిందే, లేకపోతే మాకు పొద్దుపోదు.

నిన్నటిది చూడండి. కాన్ఫిగ్ ఫైల్లో కొటేషన్ల మధ్య పాత సర్వర్ పేరు ఉంది, దాన్ని మార్చాలి. నేను సి, ఐ, ఆ తర్వాత కొటేషన్ మార్క్ కొట్టా, లోపలున్నదంతా పోయింది, కొత్త పేరు టైప్ చేసి ఎస్కేప్ కొట్టి ఇంకో లైన్లోకి వెళ్ళి ఒక్క చుక్క పెట్టానంతే, అక్కడా మారిపోయింది. ఈ చుక్క కోసమే నేను ఇన్నేళ్ళుగా విమ్ వదల్లేదు. అతనేమో "ఆ చుక్కకి చివరి మార్పొక్కటే గుర్తుంటుంది గురూ, నేను ఎఫ్3 కొట్టి పది పనులు రికార్డు చేసి ఎఫ్4తో ఎన్నిసార్లైనా ఆడిస్తా" అన్నాడు. విమ్‌లో క్యూ కొట్టినా రికార్డవుతుంది కదా అన్నా, ఇక మొదలు.

అసలు ఈ కీలన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలిశాక నాకు ఈ గొడవ ఇంకా నచ్చింది. బిల్ జాయ్ అనే ప్రోగ్రామర్ 1976లో విమ్‌కి మూలమైన వీఐ ఎడిటర్ రాసింది ఏడీఎమ్-3ఏ అనే టెర్మినల్ (వేరే చోటి కంప్యూటర్‌తో పనిచేయించే స్క్రీనూ కీబోర్డూ) మీద, దాని మీద హెచ్, జె, కె, ఎల్ కీల మీదే బాణం గుర్తులు ముద్రించి ఉండేవి, ఎస్కేప్ కీ ఇప్పుడు ట్యాబ్ ఉన్న చోట ఉండేది. పైగా ఆయన వాడింది 300 బాడ్ మోడెమ్, అంటే సెకనుకి దాదాపు 30 అక్షరాలు, 80 కాలమ్‌లు 24 లైన్ల స్క్రీన్ మొత్తం నిండాలంటే నిమిషం పైనే! అలాంటప్పుడు కమాండ్లు ఒకటి రెండు అక్షరాల్లో ఉండక ఎలా ఉంటాయి?

ఈమ్యాక్స్ కూడా 1976లోనే ఎంఐటీలో పుట్టింది. దాని కమాండ్లు ఎక్కువగా కంట్రోల్, మెటా అనే కీలతోనే నడుస్తాయి. అక్కడి లిస్ప్ మెషిన్లనే కంప్యూటర్ల స్పేస్-కెడెట్ కీబోర్డు మీద కంట్రోల్ స్పేస్‌బార్‌ని ఆనుకుని ఉండేది, దాని పక్కనే మెటా, బొటనవేలితో హాయిగా నొక్కేయొచ్చు. ఇప్పుడు కంట్రోల్ మూలకి పోయింది కాబట్టి చిటికెన వేలు నొప్పి అంటారు పాపం, మావాడు క్యాప్స్‌లాక్‌నే కంట్రోల్‌గా మార్చుకున్నాడు.

నానో ఆవిడకి ఇవేం పట్టవు. కీలన్నీ స్క్రీన్ కింద రాసే ఉంటాయిగా, గుర్తుపెట్టుకోవడం ఎందుకు అంటుంది, ఆ మాటకి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

1991 నుంచీ విమ్‌ని పెంచి పోషించిన బ్రామ్ మూలెనార్ 2023లో పోయినప్పుడు నాకు మొదటి మెసేజ్ పెట్టింది ఈ ఈమ్యాక్స్ మనిషే. ఆ రోజు గొడవ లేదు.

ఇవాళ మాత్రం దొరికిపోయా. షెల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే చోట, లైన్ మొదటికి పోవడానికి కంట్రోల్-ఏ కొట్టడం చూసి "అది ఎవరి కీ?" అన్నాడు. నిజమే, బ్యాష్ అనే ఆ షెల్‌లో డిఫాల్ట్‌గా ఉండేవి ఈమ్యాక్స్ కీలే. వెంటనే దాని సెట్టింగుల ఫైలు బ్యాష్‌ఆర్‌సీలో సెట్ మైనస్ ఓ వీఐ అని రాసిపెట్టా, ఇక వీఐ కీలే. అతనేమో ఫైళ్ళు చదివే లెస్ అనే ప్రోగ్రామ్‌లో లాగ్ తెరిచి జె, జె, జె అని కొట్టుకుంటూ కిందికి పోతున్నాడు. అది వీఐ కీ అని ఇంకా చెప్పలేదు, రేపటి కోసం దాచుకున్నా.