సంపంగి అంటు వేసేవాళ్లకి

ఆకుల్లేని కొమ్మల నిండా గులాబీ రంగు పూలతో ఫోన్లో ఊరించే ఆ మాగ్నోలియా చలిదేశాలది. మన విజయనగరం, శ్రీకాకుళం చలి దానికి చాలదు, డబ్బులు తగలెయ్యకండి. అదే కుటుంబంలో మన సంపంగి ఉండనే ఉంది.

అంటు మొక్కే అడగండి. రెండు మూడేళ్లలో పూస్తుంది. గింజ మొక్కయితే ఏడెనిమిదేళ్లు పట్టొచ్చు. కాండం మీద అంటు కట్టిన చోట చిన్న బొడిపె, దాని పైనా కిందా బెరడులో తేడా కనిపించాలి. అవి లేకపోతే నర్సరీవాళ్లు ఎంత ఒట్టేసినా అనుమానించాల్సిందే.

తొలకరి పడ్డాక రెండడుగుల గుంత తీసి, ఎర్రమట్టిలో రెండు గంపల మాగిన గత్తం కలపండి. అంటు కట్టిన చోటు నేలకి నాలుగు వేళ్లు పైనే ఉండాలి. మొక్క వేర్లు కండపట్టి పెళుసుగా ఉంటాయి, కవరు కోసేటప్పుడు మట్టిముద్ద విడిపోతే మొక్క తేరుకోదు. అంటు కింద వచ్చే చిగుళ్లు ఎప్పటికప్పుడు తుంచాలి, లేదంటే అవే బలిసి పైదాన్ని ఎండగట్టేస్తాయి.

మట్టి తడిగా ఉన్నా ఆకులు వాడుతున్నాయంటే నీరు నిలిచి వేరు కుళ్లుతున్నట్టే. ఈనెలు పచ్చగా ఉండి మిగతా ఆకు పసుపుబారితే ఇనుము అందట్లేదు. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లతో ఇది మామూలే. చెలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే ఇనుము మందు) లీటరు నీటికి అర గ్రాము కలిపి సాయంత్రం పిచికారీ చెయ్యండి.

ఇక తుపాన్లు. 2018 తిత్లీ వచ్చింది అక్టోబరులోనే. సెప్టెంబరు దాటకముందే వెదురు ఊతం కట్టేయండి, తాడు మాత్రం వదులుగా.