పంపు పెద్దదే, వైరే చిన్నది

డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. నా కారు 2005 మిత్సుబిషి ఎవో 8. రెండు లీటర్ల 4జీ63 ఇంజన్‌లో పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు మార్పించి, పెద్ద టర్బో పెట్టించాను. ఈ85 (ఇథనాల్ ఎక్కువగా కలిపిన పెట్రోల్) మీద చక్రాల దగ్గర 500 హార్స్‌పవర్ తెచ్చి, ఎన్నిస్ డ్రాగ్ స్ట్రిప్‌లో (తిన్నటి రేసు ట్రాక్) పరిగెత్తించాలని రెండేళ్లుగా కోరిక. మిగిలిందల్లా ఫ్యూయల్ సిస్టమ్.

మా అపార్ట్‌మెంట్స్‌లోనే ఉండే వరంగల్ అన్న ఒకాయన ఇలాంటి కార్లు రెండు కట్టాడు. "ముందే ఏదీ కొనకు తమ్ముడూ, లెక్క వెయ్" అన్నాడు. ఇద్దరం కూర్చుని వేశాం. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్స్ దగ్గర పోయేది కలుపుకుని ఇంజన్ దగ్గర 590 అనుకున్నాం. పెట్రోల్ ఒక పాలుకి గాలి 14.7 పాళ్లు కావాలి, ఈ85కి 9.8 చాలు. అదే గాలికి ఇంధనం బరువు లెక్కన ఒకటిన్నర రెట్లు పొయ్యాలన్నమాట. హార్స్‌పవర్‌కి గంటకి 0.8 పౌండ్ల చొప్పున 472 పౌండ్లు తేలింది. ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి ఇంధనం చిమ్మేవి) 80 శాతం సమయానికి మించి తెరుచుకోకూడదనుకుంటే ఒక్కోటి నిమిషానికి 1,400 సీసీ పైనే ఇవ్వాలి. కంపెనీవి 560. అందుకే 1,700 సీసీవి తీసుకున్నాను.

పంపు దగ్గర మాత్రం తొందరపడ్డాను. 472 పౌండ్లంటే గంటకి సుమారు 270 లీటర్లు. డబ్బా మీద 340 అని ఉంది కదా, ఇంకా 70 మిగులు అనుకుని బిగించేశాను. ఆ 340 తక్కువ ప్రెషర్ దగ్గరి లెక్క. ఇంజెక్టర్ మూతి దగ్గర 26 పీఎస్‌ఐ బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, ఎదురు తోస్తుంటుంది. దాన్ని తట్టుకోవడానికి రెగ్యులేటర్ కూడా ఇంధనం ప్రెషర్‌ని అంతే పెంచుతుంది. బూస్ట్ లేనప్పుడు ఉండే 43కి 26 కలిపితే 69. ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు పోసేది తగ్గుతుంది.

డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద 5,500 ఆర్‌పీఎం దాకా అంతా బాగుంది. 6,500 దగ్గర ల్యామ్డా (పెరిగేకొద్దీ గాలికి తగ్గ ఇంధనం తగ్గుతోందని చెప్పే అంకె) 0.78 నుంచి 0.88కి ఎగబాకింది. ట్యూనర్ వెంటనే కాలు తీసేశాడు. ఆ ఒక్క సెకనులో నాకు చెమటలు పట్టాయి, ఫుల్ బూస్ట్‌లో ఇంధనం చాలకపోతే పిస్టన్ కరిగిపోతుంది. లాగ్ తీస్తే 69 ఉండాల్సిన ప్రెషర్ 58 ఉంది.

ఇంటికొచ్చి వెనక సీటు తీసి, ట్యాంకు మూత దగ్గర మల్టీమీటర్ పెట్టాను. బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, పంపు కనెక్టర్ దగ్గర 11.6. కనెక్టర్ ఊడదీస్తే తెల్ల ప్లాస్టిక్‌లో ఒక పిన్ను చుట్టూ టీ మరకలా గోధుమ రంగు. చిన్న పంపు కోసం వేసిన సన్న వైరు ఇంత కరెంటు మొయ్యలేక వేడెక్కిపోయింది. అసలే ప్రెషర్‌కి తగ్గిన పంపు, ఆపైన వోల్టేజీ కూడా తక్కువ.

ఈసారి వాల్‌బ్రో 450 పెట్టాను. బ్యాటరీ నుంచి నేరుగా 10 గేజ్ వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, వెనక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చు), అంతే లావు ఎర్త్ వైరు. పాత వైరు ఇప్పుడు రిలేని ఆన్ చెయ్యడానికే. ట్యాంకు లోపల పంపుకి తగిలించే చిన్న గొట్టం సంగతి చాలామంది పట్టించుకోరు. మామూలు ఫ్యూయల్ హోస్ ఇంధనంలో మునిగి ఉంటే బయటి వైపు నుంచి చివికిపోతుంది. మునిగి ఉండటానికి తయారుచేసిన రకమే కొనాలి, ధర ఎక్కువైనా సరే.

ఇంత పెద్ద పంపు పెట్టాక, ఐడిల్‌లో మిగిలిందంతా వెనక్కి పంపడం పాత రెగ్యులేటర్ వల్ల కాలేదు. ప్రెషర్ 50కి పైనే ఉండిపోయింది. అడ్జస్టబుల్ రెగ్యులేటర్ వేశాక 43కి వచ్చింది. ఇంధనంలో ఇథనాల్ ఎంతుందో కొలిచే ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సర్ కూడా పెట్టించాను. ఇక్కడ ఈ85 అని అమ్మేదాంట్లో ఇథనాల్ 51 నుంచి 83 శాతం దాకా ఎంతైనా ఉండొచ్చు, బంకు బోర్డు నమ్మి ట్యూన్ చెయ్యలేం.

రెండోసారి డైనోకి వెళ్లినప్పుడు పవర్ ఎంతొచ్చిందో నేను చూడనేలేదు. నా చూపంతా ప్రెషర్ గీత మీదే. 5,500 దగ్గర 69. 6,500 దగ్గర 69. 7,000 దగ్గరా 69. ట్యూనర్ భుజం తట్టి అంకె చూపించాడు, 512.