స్టీరింగ్ తిప్పితే ‘టంగ్’: చప్పుడు ఎక్కడిదో పట్టుకున్నాం

మా సెల్లార్‌లోంచి కారు బయటికి తీయాలంటే రివర్స్‌లో ఉండగానే స్టీరింగ్ చివరిదాకా తిప్పాలి. నాలుగు నెలల క్రితం ఒక పొద్దున అలా తిప్పుతుంటే ముందువైపు కిర్రుమని మొదలై ‘టంగ్’మని ఆగింది. బిగించిన తీగ ఒక్కసారి వదిలినట్టు ఉంది. ఆ కుదుపు స్టీరింగ్ పట్టుకున్న చేతులకీ తెలిసింది. ఏడేళ్ళ బండి, 68 వేల కిలోమీటర్లు తిరిగింది. నెలకోసారి అమ్మని గుంటూరు నుంచి విజయవాడకి చెకప్‌కి తీసుకెళ్ళేది అందులోనే. హైవే మీద స్టీరింగ్ ఏమైనా చేస్తే ఎలా అని నిజంగా టెన్షన్ పట్టుకుంది.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే సీట్లో కూర్చుని రెండుసార్లు అటూ ఇటూ తిప్పారు. స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలని తిప్పే భాగం) పోయింది, మొత్తం మార్చాలి, 32 వేలవుతుందన్నారు. బండి కిందకి వంగి ఎవరూ చూడలేదు. డబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో తేలకుండా ఇంత పెద్ద పార్టు ఎలా మార్చమంటారు? ఆలోచించుకుని చెప్తానని వచ్చేశాను.

ఆఫీసులో ఒకాయన స్టీరింగ్ ఆయిల్ తగ్గి ఉంటుందన్నాడు. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న పాత బళ్ళకి ఆ మాట సరిపోతుంది. ఆయిల్ తగ్గితే పంపు కుయ్యిమని మూలుగుతుంది. నా కారులో స్టీరింగ్‌కి సాయం చేసేది కరెంటు మోటారు, అందులో పోయడానికి ఆయిలే ఉండదు.

ఆదివారం మా అబ్బాయిని తీసుకుని ఖాళీ గ్రౌండ్‌కి వెళ్ళాను. స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడిపాను, తర్వాత కుడికి. ఇంజన్ శక్తిని చక్రానికి అందించే యాక్సిల్ చివర ఉండే సీవీ జాయింట్ అనే కీలు అరిగితే ఇలా తిరిగేటప్పుడు, అదీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, టక్ టక్ టక్ అని చక్రంతోపాటే వస్తుంది. అలాంటిదేమీ రాలేదు. వంగి చూస్తే ఆ జాయింట్ల మీది రబ్బరు తొడుగులు చిరగలేదు, చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మిన మరకలూ లేవు. కానీ బండి ఆపి ఉన్నచోటే స్టీరింగ్ తిప్పితే మాత్రం ప్రతిసారీ టంగ్!

ఇంకో సంగతి కూడా అప్పుడే గమనించాను. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది మధ్యకి రావాలి కదా, నాది బద్ధకంగా వస్తోంది. కొన్నాళ్ళుగా అలాగే ఉందేమో, అలవాటైపోయి పట్టించుకోలేదు.

మర్నాడు ఆటోనగర్‌లో, మా మామయ్య ఎప్పుడూ వెళ్ళే సస్పెన్షన్ మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి. నేను చెప్పేది మొత్తం విని, “చప్పుడు సంగతి తర్వాత బాబూ, ముందు ప్రాణం మీదకి తెచ్చేవి చూద్దాం” అన్నాడు. జాకీ ఎక్కించి, చక్రాన్ని గడియారంలో 12, 6 ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. అది చక్రాన్ని కిందివైపు పట్టి ఉంచే కీలు, లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ కోసం. తర్వాత 9, 3 దగ్గర పట్టుకుని ఊపాడు, అది ర్యాక్ నుంచి చక్రానికి వెళ్ళే కడ్డీ చివరి కీలు, టై రాడ్ ఎండ్ కోసం. ఎక్కడా లూజు లేదు. ర్యాక్‌లోనూ లూజు లేదన్నాడు. చక్రాలు గాల్లో ఉండగా స్టీరింగ్ తిప్పిస్తే చప్పుడే రాలేదు. కిందకి దించగానే మళ్ళీ మొదలైంది. బరువు పడినప్పుడే వస్తోందంటే చూడాల్సింది పైన అన్నాడు.

అబ్బాయిని సీట్లో కూర్చోబెట్టి, “నెమ్మదిగా తిప్పు నాన్నా” అని చెప్పి, నా చెయ్యి తీసుకుని కుడి స్ప్రింగ్ మీద, చుట్టల మధ్యకి వేళ్ళు పోకుండా బయటివైపు పెట్టించాడు. స్టీరింగ్ తిరుగుతుంటే స్ప్రింగ్ దాంతోపాటు సాఫీగా తిరగలేదు. నా అరచేతి కింద మెలిపడుతూ, బిగుసుకుంటూ వచ్చి ఒక్కసారిగా ఎగిరింది. టంగ్! అన్నాళ్ళ భయం ఆ క్షణంలో సగం పోయింది.

మా కారులాంటి బళ్ళలో చక్రం తిరిగితే షాకబ్జర్, స్ప్రింగ్ (రెండూ కలిపి స్ట్రట్ అంటారు) కూడా దాంతో తిరుగుతాయి, పైన బాడీ కదలదు. ఆ రెంటికీ మధ్య స్ట్రట్ బేరింగ్ ఉంటుంది. అది పట్టేస్తే స్ప్రింగ్ పైభాగం కదలదు, కిందిభాగం తిరుగుతుంది, మెలి ఎక్కువయ్యాక జారి వదులుతుంది. స్టీరింగ్ బద్ధకంగా వెనక్కి రావడానికీ కారణం అదే.

స్ప్రింగ్‌ని క్లాంపులతో నొక్కి, బేరింగ్ తీసి నా చేతిలో పెట్టాడు. అరచేతంత ప్లాస్టిక్ రింగు. లోపల గ్రీజు ఎండి మట్టితో గట్టిపడింది, చిన్న చిన్న ఉక్కు గుండ్లు తుప్పుపట్టి ఇటుక రంగులో ఉన్నాయి. వేలితో తిప్పితే గరగరలాడి ఆగిపోయింది. దాని మీది రబ్బరు మౌంటింగ్ కూడా పగిలింది. స్ప్రింగ్ విప్పే పని జనం ఇంట్లో చేయకూడదని గట్టిగా చెప్పాడు. నొక్కి ఉన్న స్ప్రింగ్ జారితే మనిషిని చంపేస్తుంది.

ఎడమది ఇంకా బాగానే తిరుగుతోంది కానీ వయసు అదే కాబట్టి రెండువైపులా మార్పించాను. పార్టులు 4,200, కూలి 1,800. బిగించి తిప్పితే మళ్ళీ చిన్న టక్! నా ప్రాణం ఉసూరుమంది. ఆయన మాత్రం ఏమీ మాట్లాడకుండా మళ్ళీ విప్పాడు. స్ప్రింగ్ కింది కొస, అది కూర్చునే పళ్ళెంలో ఉన్న మెట్టుకి ఆనాలి, వేలెడు పక్కకి జరిగి కూర్చుంది. సరిచేసి, దీనికి వేరే కూలి వద్దన్నాడు. అక్కడి నుంచి నేరుగా వెళ్ళి వీల్ అలైన్‌మెంట్ చేయించాను. స్ట్రట్ విప్పాక అది చేయించకపోతే టైర్లు ఒకవైపే అరగొచ్చు.

మర్నాడు పొద్దున సెల్లార్‌లో అద్దం దించి, రివర్స్‌లో స్టీరింగ్ చివరిదాకా తిప్పాను. టైరు కింద ఇసుక నలిగిన చప్పుడొక్కటే వినిపించింది. ఆ శనివారమే అమ్మని చెకప్‌కి తీసుకెళ్ళాను.