నాలుగో అంతస్తు, ఈయనగారి గొప్ప

లిఫ్ట్ మళ్ళీ పాడైంది. ఈ నెలలో ఇది మూడోసారి. కానీ పదకొండు దాటాక నిద్ర పట్టక ఇది రాస్తున్నానంటే కారణం లిఫ్ట్ కాదు, ఈయన.

సాయంత్రం ఎంవీపీ రైతుబజార్ నుంచి రెండు సంచులతో వచ్చాం. ఆనపకాయ, కంద, రెండు కిలోల ఉల్లిపాయలు ఉన్న సంచి నా చేతిలో, కొత్తిమీర, కరివేపాకు ఉన్నది ఈయన చేతిలో. (అదెలా జరుగుతుందో మీకు తెలుసు.) నాలుగో అంతస్తు దాకా ఎక్కడా ఆగకుండా ఎక్కేశాను. తాళం తీసి, సంచి దింపి, మంచినీళ్ళు తాగి బయటికి చూస్తే ఈయన మూడో అంతస్తు మలుపులో రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉన్నారు. పైకొచ్చి, ఆయాసం తీరాక అన్న మొదటి మాట ఇది: "చూశావా, నేను వాకింగ్‌కి తీసుకెళ్ళబట్టే!"

తీసుకెళ్ళడమా! సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టాం, నిజమే. అయిదింటికి లేపుతారు, అదీ నిజమే. ఆ తర్వాత ఈయనగారి వాకింగ్ ఎలా ఉంటుందో చెప్తాను. విశాఖ బీచ్‌రోడ్డులో కాళీమాత గుడి దగ్గర బయలుదేరతారు. వంద అడుగులు వేశారో లేదో ఎవరో రిటైరైనాయన ఎదురొస్తారు. నిలబడి స్టీల్‌ప్లాంటు గురించి పది నిమిషాలు. ఇంకో యాభై అడుగులకి ఇంకొకాయన, ఈసారి మెట్రో ఎప్పుడొస్తుందని. సబ్‌మెరైన్ మ్యూజియం దాకా వెళ్ళి నేను రెండోసారి తిరిగొచ్చేటప్పటికి ఈయన సిమెంటు బెంచీ మీద, చేతిలో టీ. "గంట వాకింగ్ చేశాను" అని మా అబ్బాయి బుజ్జిగాడికి ఫోన్లో చెప్తారు. ఆదివారమైతే బండి దగ్గర పూరీ కూడా. వారానికి 150 నిమిషాలైనా కాస్త జోరుగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఈయనవి 150 నిమిషాలూ ఉంటాయి, జోరు మాత్రం నోటికే. జోరు అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంతేనట. ఈయన కచేరీ చేయగలరు.

అసలు నేను వాకింగ్ వద్దన్నదాన్ని. పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంట్లో తిరిగేది వ్యాయామం కాదా అని ఈయనతో ఎన్నిసార్లు పోట్లాడానో. దానికి బుజ్జిగాడే నాకొక ఆయుధం పంపాడు. 1953లో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టర్ డబుల్ డెక్కర్ బస్సుల్లో పనిచేసేవాళ్ళని లెక్క తీస్తే, కూర్చుని నడిపే డ్రైవర్లకంటే రోజుకి అయిదారు వందల మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువట. చదవగానే నాన్న కళ్ళ ముందుకొచ్చారు.

నాన్న కండక్టరు, సిటీ బస్సులో. మెట్లు లేవు గానీ, జనంలో ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిరుగుతూనే ఉండేవారు. చందనోత్సవం రోజు సింహాచలం బస్సులో ఒకసారి నన్నెక్కించుకున్నారు. డ్రైవరు అప్పన్న మావయ్య పక్కన ఇంజన్ మీద కూర్చోబెట్టారు, కింద కాలుతుంటే తువ్వాలు మడిచి వేశారు. వెనక్కి తిరిగితే మనుషుల మధ్య నాన్న చెయ్యి ఒక్కటే కనిపించేది, టికెట్ల కట్టతో. "జరగండి బాబూ, జరగండమ్మా" అనే గొంతు ఎటునుంచి వస్తుందో తెలిసేది కాదు. రాత్రి అమ్మ ఖాకీ చొక్కా ఉతకబోతే జేబులోంచి టికెట్లు పంచ్ చేసిన కాగితం చుక్కలు రాలేవి, తెల్లవి, గులాబీవి. సంచి వేలాడే భుజం మీద బట్ట వెలిసిపోయి చార కట్టి ఉండేది. ప్యాంటు నడుము ఎప్పుడూ వదులే, అమ్మ లోపలికి మడిచి కుట్టేది. అప్పన్న మావయ్య ప్యాంటు మాత్రం ఏటా ఒకసారి టైలరు విప్పాల్సి వచ్చేది.

ఇదే చూపించి గెలుద్దామనుకున్నాను. కానీ ఆ మోరిస్ గారే తర్వాత యూనిఫారాల కొలతలు తీయించారట, 1956లో. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే డ్రైవర్ల నడుములు పెద్దవి! అంటే తేడా అంతా మెట్లదే అని చెప్పడానికి లేదు. అయితే నడిచి ఉత్తరాలు పంచేవాళ్ళనీ, కూర్చుని పనిచేసే గుమాస్తాలనీ పోల్చినా అదే తేడా వచ్చిందట. ఇక మా నాన్న సంగతి. బస్సు దిగితే చాలు సిగరెట్. 58 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. అప్పన్న మావయ్య 80 దాటి ఇప్పటికీ చేతికర్రతో గుడికి నడుస్తున్నారు. ఒక్కరిని చూసి లెక్క కట్టకూడదంటాడు బుజ్జిగాడు. నాకున్నది ఒక్క నాన్నే కదా.

నా సంగతీ చెప్పాలి. మొన్న దీపావళికి ఇదే లిఫ్ట్ పాడైతే రెండో అంతస్తు మెట్టు మీద కూలబడ్డాను. అప్పటికి ఇంటిపని 28 ఏళ్ళు చేసి ఉన్నాను. అంటే అది చాలలేదనేగా? ఏ కదలికైనా మంచిదేనంటారు, కాదనను. కానీ పప్పు కలిపి, అటు తిరిగి, ఇటు వంగి, మధ్యలో ఫోను ఎత్తే పనిలో గుండె ఒక ఊపు అందుకోదు. సముద్రం పక్కన ఎవరూ పిలవని అరగంటలో అందుకుంటుంది. అయిదింటికి లేపేది ఈయనే. అది మాత్రం ఈయన ఖాతాలో వేయాల్సిందే. పైకి చెప్పను.

రోజూ నడిస్తే గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం తోస్తుంది, కాబట్టి తీరిగ్గా కూర్చున్నప్పుడు తక్కువసార్లు కొట్టుకున్నా సరిపోతుంది. జనవరిలో నా నాడి నిమిషానికి 82. ఇప్పుడు 74. గుండెకి రోజుకి 11,520 సార్లు కొట్టుకునే పని మిగిలినట్టు, కాగితం మీద వేసి చూశాను. ఉప్పుగాలిలో నడిచొచ్చాక కాళ్ళల్లో ఒక తేలిక ఉంటుంది, అదీ బాగుంటుంది.

రేపు పొద్దున్న మూడో అంతస్తు ఆయాసం గురించి డాక్టరు దగ్గరికి వెళ్దామని అడగాలి. పూరీ గురించి కూడా.

ఇప్పుడే గోడ గడియారం చూస్తూ మణికట్టు పట్టుకుని లెక్కపెట్టాను. 74. "నేను తీసుకెళ్ళబట్టే" గుర్తొచ్చాక ఇంకోసారి పట్టుకుంటే 86.