సైటేషన్ కరెక్టే, చట్టమే తప్పు

జూనియర్ సివిల్ జడ్జి ఫైనల్ లిస్టులో నా నంబర్ చూసుకుని మూడు రోజులైంది. అమ్మ ఇంకా స్వీట్లు పంచుతూనే ఉంది. ప్రిలిమ్స్‌కి బేర్ యాక్టులు, పాత పేపర్లు, మాక్ టెస్టులు. అందరూ చేసేదే, నేనూ అదే చేశాను. నేను రాయాలనుకున్నది నా మొదటి మెయిన్స్ గురించి.

అప్పట్లో నాకు సైటేషన్ల పిచ్చి, అంటే ఏ తీర్పు ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చెప్పే నంబర్లు. గోడ మీద చార్టులు, ఫ్రిజ్ మీద చీటీలు. కేశవానంద భారతి కేసు అంటే ఏఐఆర్ 1973 ఎస్సీ 1461, మళ్లీ (1973) 4 ఎస్‌సీసీ 225. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ రెండూ ఒకే తీర్పు, వేసిన రిపోర్టర్లే (తీర్పులు అచ్చేసే పుస్తకాలు) వేరు అని తెలుసు కానీ నోట్‌బుక్‌లో మేనకా గాంధీ కేసుని ఏఐఆర్ కింద ఒకసారి, ఎస్‌సీసీ కింద ఒకసారి రాసి, రెండు కేసులుగా లెక్కేసుకున్నాను. 200 దాటాయని మురిసిపోయాను కూడా.

క్రిమినల్ పేపర్‌లో ప్రాబ్లమ్ వచ్చింది. ప్రాసిక్యూషన్ సీసీటీవీ ఫుటేజీ సీడీ దాఖలు చేసింది, 65బి సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య చట్టం అడిగే ధ్రువపత్రం) లేదు, రికార్డర్ వేరేవాళ్ల దగ్గరుంది. చెల్లుతుందా? నాకు పండగే. షఫీ మహమ్మద్, (2018) 2 ఎస్‌సీసీ 801 అని రాసి, కింద గీత కూడా గీశాను. పరికరం తన చేతిలో లేనివాళ్లకు సర్టిఫికెట్ తప్పనిసరి కాదు, కాబట్టి చెల్లుతుంది అని తేల్చేశాను. నంబర్లో ఒక్క అంకె తప్పు లేదు. కానీ ఆ తీర్పు అప్పటికే పోయింది. 2020 జులైలో అర్జున్ పండిట్‌రావు ఖోట్కర్ కేసులో, (2020) 7 ఎస్‌సీసీ 1, ముగ్గురు జడ్జిల బెంచ్ దాన్ని కొట్టేసింది. సర్టిఫికెట్ కావాల్సిందే, ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వకపోతే కోర్టుకి అప్లికేషన్ పెట్టుకోవాలి, అసలు పరికరాన్నే తెచ్చి రుజువు చేస్తే మాత్రం అక్కర్లేదు. నాలుగు మార్కుల తేడాతో వైవాకి పిలుపు రాలేదు.

కోపంతో ఆఫీసుకెళ్లి మా సీనియర్ గారికి చెబితే ఆయన అడిగింది ఒకటే: "పేజీ నంబర్ సరేనమ్మా, బెంచ్ ఎంత?"

షఫీ మహమ్మద్ ఇద్దరు జడ్జిలది. దానికి ముందే అన్వర్ కేసులో, (2014) 10 ఎస్‌సీసీ 473, ముగ్గురు కూర్చుని సర్టిఫికెట్ ఉండాలన్నారు. ముగ్గురు చెప్పినదాన్ని ఇద్దరు పలచన చేయలేరు. బెంచ్ ఎంతో చూసి ఉంటే 2020 తీర్పు తెలియకపోయినా నాకు అనుమానం వచ్చేది. సైటేషన్ మనకిచ్చేది సంవత్సరం, వాల్యూమ్, మొదలయ్యే పేజీ, అంతే. ఆ తీర్పు ఇంకా బతికుందా, మనం ఎత్తి రాసిన మాట రేషియోనా (తీర్పుకి ఆధారమైన సూత్రం), ఆబిటరా (దారిలో అన్న మాట) అన్నది అందులో ఉండదు. అలాగని నేనేమీ బద్ధకించలేదు, రోజుకి పది గంటలు కూర్చున్నాను. కోచింగ్ నోట్సు 2018 దగ్గరే ఆగిపోతే అది పూర్తిగా నా తప్పేనా? సర్లే, చెక్ చేసుకోకపోవడం మాత్రం నా తప్పే.

తర్వాత కొత్త నోట్‌బుక్ పెట్టాను. కేసు పేరు, సంవత్సరం, బెంచ్, ఒక్క వాక్యంలో రేషియో, చివరి గడిలో "తర్వాత ఏమైంది". 200 నుంచి 60కి దిగాను. 2023 నుంచి వచ్చిన సుప్రీంకోర్టు తీర్పులకి 2023 ఐఎన్ఎస్సీ 920 లాంటి న్యూట్రల్ సైటేషన్ వేసుకున్నాను. ఏ పబ్లిషర్‌తోనూ పని లేదు, పేజీ బదులు పేరా నంబర్ చెబితే చాలు. పాత సాక్ష్య చట్టంలోని 65బి ఇప్పుడు కొత్త భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ అయింది, అదీ పక్కన రాసుకోండి.

రెండోసారి వైవాలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ల వాటా గురించి అడిగారు. వినీతా శర్మ, 2020 ఆగస్టు, ముగ్గురు జడ్జిలు, 2005 సవరణ నాటికి తండ్రి బతికుంటేనే కూతురికి వాటా అని ఫూలవతి కేసులో చెప్పింది ఇక నిలవదు అన్నాను. మన ఆంధ్రప్రదేశ్ 1986 సవరణ 1985 సెప్టెంబర్ 5కి ముందే పెళ్లయిన ఆడపిల్లల్ని పక్కన పెట్టిందని కూడా చెప్పాను. "వాల్యూమ్ ఎంత?" అన్నారు. టెన్షన్‌లో గుర్తు రాలేదు. "గుర్తు లేదు సార్" అన్నాను. ఆయన తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు. బయటికొచ్చి లిఫ్ట్ దగ్గర నిలబడగానే గుర్తొచ్చింది, 9.

నోట్‌బుక్ పీడీఎఫ్ పెట్టమని చాలామంది మెసేజ్ చేస్తున్నారు. పెట్టను. అందులో ఇప్పటికే ఏడు కేసుల మీద ఎర్రగీతలున్నాయి, మీ చేతికి వచ్చేసరికి ఎనిమిదోది ఏదవుతుందో నాకు తెలియదు.