క్రాక్ ఆంప్‌లో ముందు ఏం మార్చాలి

బాటిల్‌హెడ్ కంపెనీ కిట్‌గా అమ్మే వాక్యూమ్ ట్యూబుల హెడ్‌ఫోన్ ఆంప్ క్రాక్ చేతికి రాగానే ఖరీదైన ట్యూబుల వేట మొదలెట్టకండి. నా లెక్కలో ముందు పెట్టాల్సింది స్పీడ్‌బాల్ బోర్డులే, అంటే ఈ ఆంప్ కోసం అదే కంపెనీ చేసిన అప్‌గ్రేడ్ సర్క్యూట్లు. ఆంప్‌లోని 12ఏయూ7 ట్యూబ్ ప్లేట్ రెసిస్టర్లు, 6080 ట్యూబ్ కాథోడ్ రెసిస్టర్లు తీసేసి వీటిని పెడితే కరెంటు నిలకడగా ఉంటుంది, బాస్ గట్టిపడుతుంది.

హెడ్‌ఫోన్ మాత్రం 300 ఓమ్‌ల సెన్‌హైజర్ హెచ్‌డీ 650 లాంటిదే ఉండాలి. ఈ ఆంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (బయటికెళ్లే సిగ్నల్‌కి ఆంప్ తనే పెట్టే అడ్డు) సుమారు 120 ఓమ్‌లు. 32 ఓమ్‌లది తగిలిస్తే వోల్టేజీలో ఐదో వంతే దానికి చేరుతుంది.

12ఏయూ7 బదులు ఈసీసీ82 నిశ్చింతగా పెట్టొచ్చు, రెండూ ఒకటే. పిన్నులు కుదిరాయి కదా అని 12ఏఎక్స్7 గుచ్చొద్దు, దాని గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు), బయాస్ (ట్యూబ్ పనిచేసే వోల్టేజీ అమరిక) వేరు.

టంకం పెట్టే ముందు ప్లగ్ పీకి, కెపాసిటర్ల మీద మీటర్ పెట్టి డీసీ సున్నాకి దిగిందో లేదో చూడండి. స్విచ్ ఆపినా అక్కడ వంద వోల్టుల పైనే నిలిచి ఉండొచ్చు.